శ్రీశైలాన్ని తన ఊరితో కొలిచిన రష్యన్: త్వేర్‌లో రెండు రోజులు

[దృశ్యం: వోల్గా నది. ఒడ్డున ఓడ ఆకారంలో ఉన్న దిమ్మె, దాని మీద గడ్డం మనిషి విగ్రహం.]

ఈయన పేరు అఫనాసీ నికీతిన్, రష్యాలోని త్వేర్ అనే ఊరి వ్యాపారి. వాస్కో డ గామా కాలికట్‌లో దిగింది 1498లో. అంతకు పాతికేళ్ల ముందే ఈయన మన దక్కన్ అంతా తిరిగేశాడు. అమ్ముకుందామని వెంట ఒక గుర్రాన్ని తెచ్చుకున్నాడు. జున్నార్‌లో అక్కడి అధికారి దాన్ని లాక్కున్నాడు, ఎలాగో తిరిగి దక్కించుకుని చివరికి బీదర్‌లో అమ్మాడు. అక్కడి నుంచి జాతర జనంతో కలిసి 'పర్వతం' అనే చోటికి వెళ్లాడు. అది మన శ్రీశైలమే అంటారు చరిత్రకారులు.

[దృశ్యం: శ్రీశైలం ప్రాకారం మీది శిల్పాలు, దగ్గరగా.]

అక్కడ ఏం చూశాడో రాసి పెట్టుకున్నాడు. భక్తులు గుండు చేయించుకోవడం, నల్లరాతి నంది గిట్టను ముద్దు పెట్టుకుని పూలు చల్లడం, రాతి మీద వరసలు వరసలుగా చెక్కిన బొమ్మలు... అన్నీ ఉన్నాయి అందులో. మరి ఈ గుడి ఎంత పెద్దదో తన ఊరివాళ్లకు చెప్పడం ఎలా? సగం త్వేర్ అంత ఉంటుందని రాశాడు. ఇవాళ మనం చూడబోయేది ఆ కొలబద్దనే.

[దృశ్యం: మాస్కో, లెనిన్‌గ్రాద్‌స్కీ స్టేషన్.]

త్వేర్ మాస్కోకు దాదాపు 170 కిలోమీటర్లు. 'లాస్తొచ్కా' రైలు ఎక్కితే రెండు గంటల లోపే దిగుతారు. ఇండియన్ పాస్‌పోర్ట్‌కు 2023 ఆగస్టు నుంచి ఈ-వీసా ఇస్తున్నారు. డబ్బు సంగతి మాత్రం ముందే చూసుకోండి. మన బ్యాంకులిచ్చే వీసా, మాస్టర్‌కార్డులు అక్కడ పనిచేయవు. డాలర్లు తీసుకెళ్లి బ్యాంకులో రూబుళ్లు చేసుకోవాల్సిందే. ఇంకో మాట, యుద్ధం నడుస్తున్న దేశమిది. విమానాశ్రయాలు ఉన్నట్టుండి మూసేస్తారు, మొబైల్ నెట్ ఆగిపోతుంది. మ్యాప్ ఆఫ్‌లైన్‌లో దించుకోండి, టికెట్ కొనే ముందు మన ఎంబసీ ఏమంటోందో చదవండి.

[దృశ్యం: త్రెఖ్‌స్వ్యాత్‌స్కయా వీధి, సాయంత్రం.]

బస ఎక్కడ? స్టేషన్ పక్కన దొరికినా వద్దు, ఊరి నడిబొడ్డుకు రండి. ఈ వీధిలో బళ్లు తిరగవు, అంతా నడకే. దీనికీ సొవెత్‌స్కయా వీధికీ దగ్గర్లో గది తీసుకుంటే చూడాల్సినవన్నీ కాలినడకలోనే ఉంటాయి. బుక్ చేసే ముందు విదేశీయులకు గది ఇస్తారా, అధికారుల దగ్గర మన బస రిజిస్ట్రేషన్ చేస్తారా అని అడగండి. వాళ్లిచ్చే రిజిస్ట్రేషన్ కాగితం పాస్‌పోర్ట్‌లోనే పెట్టుకోండి. అపార్ట్‌మెంట్ అద్దెకు తీసుకుంటే ఈ పని ఓనర్ చేయాలి. చాలామంది తప్పించుకుంటారు, ఆ టెన్షన్ మనకెందుకు?

[దృశ్యం: స్తొలోవయా. ట్రే పట్టుకుని వరసలో జనం.]

తిండికి నా ఓటు స్తొలోవయాకే. మన మెస్ లాంటిదే అనుకోండి. ట్రే పట్టుకుని నడుస్తూ, కావాల్సినది వేలితో చూపిస్తే చాలు, భాషతో పనిలేదు. 'గొవ్యాదినా' అంటే గొడ్డు మాంసం, 'స్వినీనా' అంటే పంది, 'కూరిత్సా' అంటే కోడి. మాంసం వద్దనుకుంటే 'బెజ్ మ్యాసా' అనండి. బోర్ష్ అనే బీట్‌రూట్ సూప్‌లో ముక్కలు కనిపించకపోయినా అది మామూలుగా మాంసం ఉడికించిన నీళ్లతో కాచిందే.

శాకాహారులు వెతకాల్సింది 'కలీత్కా'. ఈ ప్రాంతంలో స్థిరపడ్డ కరేలియన్లు అనే జాతివాళ్ల వంటకం ఇది. రై అనే ధాన్యం పిండితో పలచటి రొట్టె చేసి, మధ్యలో ఆలుగడ్డ ముద్దో గంజో పెట్టి, అంచులు కజ్జికాయకు నొక్కినట్టు చుట్టూ నొక్కుతారు. పైభాగం తెరిచే ఉంటుంది. వేడిగా ఉన్నప్పుడే తినాలి. ఉప్పూకారం తక్కువే, బ్యాగులో కందిపొడి ఉంటే ఇంకేం కావాలి!

[దృశ్యం: రాజభవనం, పసుపు గోడలు.]

1763లో పెద్ద అగ్నిప్రమాదం ఊరి నడిబొడ్డును బూడిద చేసింది. మహారాణి రెండో కాథరీన్ దాన్ని ప్లాన్ గీయించి మళ్లీ కట్టించింది. ఒకే కూడలి నుంచి త్రిశూలంలా మూడు వీధులు చీలడం మ్యాప్‌లో చూడండి. పీటర్స్‌బర్గ్‌కూ మాస్కోకూ మధ్య ప్రయాణంలో రాజకుటుంబం ఆగడానికి కట్టిన భవనం ఇది, ఇప్పుడు లోపల చిత్రశాల ఉంది. రష్యాలో చాలా మ్యూజియాలకు సోమవారం సెలవు, ఆ రోజు రాకండి.

మేకల మ్యూజియం కూడా ఉంది. త్వేర్ వాళ్లను మేకలని ఆటపట్టిస్తుంటారు, దాన్నే వీళ్లు గర్వంగా చెప్పుకుంటున్నారు. అరగంట చాలు.

[దృశ్యం: త్మాకా వాగు అవతల చెక్క ఇళ్లు, తెల్లటి చర్చి.]

ఊళ్లో మిగిలిన రాతి కట్టడాల్లో అన్నిటికంటే పాతది ఈ 'తెల్ల త్రిత్వ' చర్చి. కట్టింది 1564లో. అంటే నికీతిన్ చనిపోయాక దాదాపు తొంభై ఏళ్ల దాకా దీనికి పునాది కూడా పడలేదు.

[దృశ్యం: 1900 నాటి ఇనుప వంతెన, మళ్లీ విగ్రహం.]

సాయంత్రానికి వంతెన దాటి అవతలి ఒడ్డుకు రండి. జూన్‌లో రాత్రి తొమ్మిదింటికి కూడా వెలుతురు ఉంటుంది. ఈ విగ్రహం పెట్టింది 1955లో. నికీతిన్‌కు సొంతూళ్లో విగ్రహం ఉందా అని నెహ్రూ అడిగితే, ఉందని సోవియట్ నేత క్రుశ్చేవ్ గొప్పగా చెప్పి, ఆనక హడావుడిగా చేయించాడని ఇక్కడ ఒక కథ చెప్పుకుంటారు. నిజమో కాదో గానీ భలే ఉంటుంది.

నికీతిన్ మాత్రం ఇల్లు చేరలేదు. తిరుగు దారిలో స్మొలెన్‌స్క్ దగ్గర చనిపోయాడు, రాతలు మాత్రం మాస్కో చేరాయి.

[దృశ్యం: విగ్రహం దగ్గర నుంచి నది మీదుగా ఎదుటి ఒడ్డు.]

ఎదురుగా చెట్లు కనిపిస్తున్నాయి కదా, అది సిటీ పార్కు. నికీతిన్ నాటి కోట ఉన్నది అక్కడే. చెక్క కోట, ఒక్క దూలం కూడా మిగల్లేదు. ఆయన దేనితో కొలిచాడో ఆ త్వేర్ ఇప్పుడు లేదు. కొలిచిన గోడ మాత్రం శ్రీశైలంలో ఉంది, ఈసారి వెళ్లినప్పుడు దాని చుట్టూ ఒకసారి నడిచి చూడండి.