డీజిల్‌ల నీళ్ళా, పంపుల లోపమా: పికప్ బండి ఆగినంక తప్పు ఎవరిది?

(తెర మీద: తెల్ల సీసా. పైన డీజిల్, అడుగున నీళ్ళు. సీసాకు బయట నుంచి అయస్కాంతం ఆనిచ్చి జరిపితే అడుగున ఉన్న నల్లటి పొడి దాని వెంబడి జరుగుతుంది.)

ఈ సీసాల ఉన్నది ఒక పికప్ బండి డీజిల్ ఫిల్టర్ కింది నట్టు విప్పి పట్టింది. పైన తేలేది డీజిల్, కింద ఉన్నది నీళ్ళు. నీళ్ళు బరువు గనుక అడుగుకు దిగినయి. ఆ నీళ్ళ కింద మెరిసే పొడి చూడుర్రి, అయస్కాంతం ఎటు పోతే అటు పోతున్నది. అంటే ఇనుము. పంపు అరిగి రాలిన ఇనుము.

ఇక్కడ ఒక అనుమానం రావాలె మీకు. డీజిల్ ట్యాంకు నుంచి ముందు ఫిల్టర్‌కు వస్తది, ఆ తర్వాతనే పంపుకు పోతది. మరి పంపుల అరిగిన ఇనుము వెనక్కు ఫిల్టర్‌లకు ఎట్ల వచ్చింది? ఈ ఒక్క ప్రశ్నకు జవాబు తెలిస్తే, "పంపు మార్చిన, నెల తిరగకముందే మల్ల అదే కంప్లైంటు" అనే మాట ఎందుకు వినపడతదో తెలుస్తది.

(తెర మీద: చేతితో గీసిన బొమ్మ. ట్యాంకు, ఫిల్టర్, పంపు, రైలు, నాలుగు ఇంజెక్టర్లు. ఇంజెక్టర్ల నుంచి, పంపు నుంచి ట్యాంకుకు తిరిగి వచ్చే సన్న గీత ఎర్ర రంగులో.)

2020 ఏప్రిల్ 1 తర్వాత అమ్మిన కొత్త బండ్లన్నీ బీఎస్-6, అంటే పొగ కాలుష్యం తగ్గించెతందుకు సర్కారు పెట్టిన ప్రమాణం. డీజిల్ పికప్ అయితే కామన్ రైలు ఇంజనే. పంపు డీజిల్‌ను ఒత్తి రైలు అనే గొట్టంల నింపుతది. ఆ ఒత్తిడి ఎంత? 1600 బార్, కొన్నిట్ల ఇంకా ఎక్కువ. పికప్ టైరుల గాలి ఒత్తిడి నాలుగైదు బార్ ఉంటది, దాన్ని బట్టి మీరే లెక్క కట్టుకోవచ్చు. ఇంజెక్టర్ మొనకు ఉన్న రంధ్రాలు మిల్లీమీటరుల పదో వంతు అటూ ఇటూ.

ఈ పంపుకు వేరే ఇంజన్ ఆయిల్ రాదు. చాలా పంపులకు డీజిలే ఆయిలు, డీజిల్ జిడ్డు మీదనే లోపలి ఇనుము జారుతది. అందుకే మన దేశం డీజిల్ ప్రమాణంలనే ఆ జిడ్డుకు ఒక పరీక్ష పెట్టిన్రు: ఇనుప గుండును డీజిల్‌ల రుద్దితే పడే గీరుడు మచ్చ 460 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరుల వెయ్యో వంతు) దాటొద్దు. గంధకం బీఎస్-4ల 50 పీపీఎం (పది లక్షల వంతులల్ల 50) ఉండె, బీఎస్-6ల 10కి దించిన్రు. గంధకం తీసే పద్ధతిల సహజంగ ఉన్న జిడ్డు కూడ పోతది, దాన్ని రిఫైనరీల మందు కలిపి మల్ల తెస్తరు. బంకుకు వచ్చే డీజిల్ లెక్క ప్రకారం సరిగ్గనే ఉంటది. అందుల నీళ్ళు కలిసినా, ఎవడన్న గ్యాసునూనె (కిరోసిన్) కలిపినా ఆ జిడ్డు తగ్గుతది, పంపు లోపల ఇనుము ఇనుము రాసుకుంటది.

రాసుకుంటే రాలిన పొడి ఏమైతది? కొంత రైలుకు, అక్కడ నుంచి ఇంజెక్టర్లకు పోతది. మిగిలింది ఈ ఎర్ర గీత, అంటే రిటర్న్ పైపు పట్టుకొని ట్యాంకుకు చేరుతది. ట్యాంకు నుంచి మల్ల ఫిల్టర్‌కు. మనం సీసాల చూసింది ఆ పొడినే. కాబట్టి పంపు ఒక్కటి మార్చి ట్యాంకు కడగకుంటే, రిటర్న్ పైపులు, రైలు సాఫ్ చెయ్యకుంటే, పాత పొడి కొత్త పంపును తింటది. పంపు, నాలుగు ఇంజెక్టర్లు, రైలు, ట్యాంకు పని అన్నీ కలిపితే బిల్లు లక్ష దాటుడు మామూలే. కిస్తీ నడుస్తున్న బండికి లక్ష అంటే ఏందో మీకు నేను చెప్పే పని లేదు.

(తెర మీద: ఆటోనగర్ షాపులో మిస్త్రీ ఫిల్టర్ విప్పుతుండగా సంభాషణ.)

"అన్నా, బండి ముందుగాల ఏం చెప్తది?"

"బండి ఊపు అందుకోది తమ్మీ. లోడు మీద గడ్డ ఎక్కేటప్పుడు గుంజది. చెక్ లైటు పడ్డదని స్కానర్ పెడితే పీ 0087 అని వస్తది, అంటే రైలుల ప్రెషర్ తక్కువ ఉన్నదని. అప్పుడు వెంటనే పంపు పోయింది అనొద్దు. ఫిల్టర్ జామైనా అదే కోడు, గాలి పట్టినా అదే కోడు. ముందు కింద నట్టు తిప్పి సీసాల పట్టాలె."

"పొడి కనపడితే?"

"ఇగ సెల్ఫ్ కొట్టొద్దు. కొట్టిన కొద్దీ లోపలికి పోతది."

"మన పాత డ్రైవర్లు ఇంజెక్టర్ పైపు నట్టు లూజు చేసి సెల్ఫ్ కొట్టి గాలి తీస్తరు కదా?"

"పాత బండ్లకు నడిచింది. దీనికి చేస్తే చేతిల నుంచి డీజిల్ దూసుకపోతది, వేలు తీసెయ్యాల్సి వస్తది. చేతిపంపు ఉంటే దాంతోనే తియ్యాలె, లేకుంటే షాపుకు తేవాలె."

(తెర మీద: వరంగల్ ఎనుమాముల మార్కెట్ గేటు ముందు బారులు తీరిన బండ్లు.)

ఇగ అసలు పంచాయితీ. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాక ఎనుమాములకు మిర్చి దిగే రోజులు. నర్సంపేట దిక్కు నుంచి, ములుగు, పరకాల దిక్కు నుంచి రాత్రికి రాత్రి బస్తాలు ఎత్తి, పొద్దుగాల జెండా పాట (సరుకు వేలం) టైముకు మార్కెట్‌ల దించాలె. నడుమల బండి ఆగిందంటే సరుకు వేరే బండికి ఎక్కుతది, కిరాయి పోతది, మల్ల వారం ఆ రైతు ఫోన్ చెయ్యడు. బండిని గుంజుకొచ్చి షోరూంల పెడితే, వాళ్ళు ఫిల్టర్ విప్పి చూసి చెప్పే మాట ఒక్కటే: "డీజిల్‌ల కల్తీ ఉన్నది, వారంటీ రాదు." బంకుకు పోతే, "మా దగ్గర రోజూ వందల బండ్లు పోసుకుంటయి, మీ ఒక్క బండికేనా?" అంటరు. రెండు మాటలూ తీసిపారేసేటివి కావు. షోరూం చెప్పేది నిజమై ఉండొచ్చు, పంపులనే లోపం ఉండి అది ముందుగాల అరిగి ఉండొచ్చు, రెండూ కలిసి ఉండొచ్చు. నా అభిప్రాయం మాత్రం ఇది: నీళ్ళు కనపడంగనే తప్పు ఓనర్‌దే అనుడు అన్యాయం. నీళ్ళు పట్టెతందుకే కదా ఫిల్టర్ కింద గిన్నె పెట్టింది, చాలా బండ్లల్ల నీళ్ళు నిండితే లైటు వెలగాలని సెన్సార్ పెట్టింది? ఆ లైటు ఎందుకు వెలగలేదో జాబ్ కార్డు (షోరూంల బండి పని రాసే కాగితం) మీద రాయమని అడుగుర్రి. అడిగితే ముఖాలు చూసుకుంటరు, అయినా అడుగుర్రి.

డీజిల్ కల్తీ కంపెనీ గేటు లోపల కూడ జరుగుతది. 2021 జులైల మహీంద్రా కంపెనీ తన నాసిక్ ఫ్యాక్టరీల జూన్ 21 నుంచి జులై 2 మధ్య తయారైన బండ్లను, 600 లోపే అనుకోర్రి, వెనక్కు పిలిచింది. ఒక తారీఖున ఫ్యాక్టరీకి వచ్చిన ఇంధనంల కల్తీ ఉన్నదని, దాంతోని ఇంజన్ భాగాలు ముందుగాల్నే అరుగుతయని అనుమానం. ఫ్యాక్టరీ వాళ్ళకు ఏ రోజు ఏ ట్యాంకర్ వచ్చిందో రాసి ఉన్నది గనుక ఏ బండ్లో పట్టుకోగలిగిన్రు. మన దగ్గర ఆ రాత ఉండది. 500కు ఒక బంకుల, 300కు ఇంకో బంకుల, ఏటూరునాగారం దాటినంక డబ్బాల అమ్మే లూజు డీజిల్ ఒకసారి. ఏ డీజిల్ బండిని ముంచిందని రుజువు చేస్తరు?

అందుకే రాత కావాలె. బిల్లు తీసుకొని ఫోన్ల ఫోటో కొట్టుర్రి, పర్సుల పెడితే నెలకు అక్షరాలు మాసిపోతయి. బంకుల డెన్సిటీ (డీజిల్ ఎంత చిక్కగ, బరువుగ ఉన్నదో చెప్పే అంకె) రాసి పెడతరు, అనుమానం ఉంటే దాన్ని కొలిచే హైడ్రోమీటర్‌తో చూపియ్యమని అడిగే హక్కు మీకు ఉన్నది. వాళ్ళ రికార్డుకూ మీ ముందు కొలిచినదానికీ 3 పాయింట్ల కంటే ఎక్కువ తేడా రావొద్దు. గ్యాసునూనె కలిస్తే ఇది పట్టుబడతది. అడుగున విడిగ ఉన్న నీళ్ళు మాత్రం డెన్సిటీల దొరకయి. వానకాలంల భూమిలోపలి ట్యాంకులకు నీళ్ళు దిగితే, ట్యాంకుల దింపి చూసే డిప్ రాడ్‌కు రాసే పేస్టు రంగు మారుతది, అదే గుర్తు. పెద్ద వాన పడ్డ తెల్లారి లోతట్టు బంకుల పోసుకునేటప్పుడు పేస్టు పెట్టిన్రా అని అడుగుతే తప్పేం లేదు.

బండి ఆగినంక చేసేది ఇంకా ముఖ్యం. ఫిల్టర్ విప్పేటప్పుడు మీరు అక్కడ ఉండాలె, వీడియో తియ్యాలె. రెండు శుభ్రమైన సీసాలల్ల పట్టి, మూత మీద సంతకం పెట్టి, తారీఖు వేసి, ఒకటి షోరూంకు ఇచ్చి ఒకటి మీరు పెట్టుకోర్రి. వారంటీ ఇయ్యం అంటే ఆ మాట కాగితం మీద ఇయ్యమనుర్రి. నోటి మాట రేపు ఎవ్వరూ ఒప్పుకోరు. సొంతంగ పాత పంపు పారేసి కొత్తది బిగిస్తే సాక్ష్యం చెత్తకుప్పల పడ్డట్టే, పాత సామాను గోనె సంచిల కట్టి ఇంట్ల పెట్టుకోవాలె.

(తెర మీద: "రీకాల్" అన్న మాట. కింద ఛాసిస్ నంబరు పలక ఫోటో, చివరి అంకెలు కనపడకుండా.)

రీకాల్ సంగతికి వస్తే, లోపం తయారీల ఉన్నదని తేలితే కంపెనీ ఖర్చుతో బాగు చేసుడు. మనకు 2012 నుంచి కంపెనీల సంఘం పెట్టుకున్న స్వచ్ఛంద నియమం ఉండె. 2019ల మోటారు వాహనాల చట్టంల 110ఏ సెక్షన్ తెచ్చిన్రు, దాని కింది నియమాలు 2021 ఏప్రిల్ 1 నుంచి నడుస్తున్నయి. బండి తయారై 7 ఏండ్ల లోపు ఉండాలె. ఓనర్ల ఫిర్యాదులు, ఏడాది అమ్మకాలను బట్టి పెట్టిన లెక్క దాటితే కేంద్రం రీకాల్‌కు ఆదేశించొచ్చు, 10 లక్షల నుంచి కోటి దాక జరిమానా పడొచ్చు. కంపెనీ తనంతట తానే లోపం చెప్పి పిలుచుకుంటే జరిమానా లేదు.

ఫిర్యాదుల లెక్క అన్నప్పుడు, కేంద్ర రవాణా శాఖ వాహన్ పోర్టల్‌ల రీకాల్ కోసమే పెట్టిన పేజీల మీరు నమోదు చేసినయే లెక్క. అడ్డా మీద చాయ తాగుకుంట తిట్టిన తిట్టు, వాట్సాప్ గ్రూపుల పెట్టిన ఆడియో లెక్కలకు రావు. ఇదే నాకు మంట. ఒక్కొక్క అడ్డా మీద పది మంది ఒకే పంపు గురించి మాట్లాడతరు, పోర్టల్‌ల ఒక్కడన్న రాసినోడు ఉండడు.

అమెరికల పికప్ ఓనర్ల కథ చూస్తే రాత బలం అర్థమైతది. అక్కడ అందరి ఫిర్యాదులు ప్రభుత్వ భద్రతా సంస్థ దగ్గర జమ అయితయి, ఎవ్వరన్న చదవొచ్చు. సీపీ4 అనే పంపు అరిగి ఇనుము రాలుస్తున్నదని ఏండ్ల తరబడి గోల. 2021 నవంబర్ల రామ్ కంపెనీ ఆ పంపు ఉన్న 2.2 లక్షల పెద్ద పికప్‌లను వెనక్కు పిలిచింది. జీఎం (జనరల్ మోటార్స్) కంపెనీ 2011-16 డీజిల్ పికప్‌ల పంపు కేసుల 5 కోట్ల డాలర్ల ఒప్పందానికి వచ్చింది, 2024ల. గమ్మత్తేందంటే, అమెరికా డీజిల్ జిడ్డు పరీక్షల 520 మైక్రాన్ల దాక ఒప్పుకుంటది, మనదీ యూరప్‌దీ 460. "మీ డీజిల్‌కు సరిపడని పంపు అమ్మిన్రు" అన్నది అక్కడి ఓనర్ల వాదన. మన దగ్గర ఆ వాదన నడవది, మన ప్రమాణం గట్టిదే. మన ప్రశ్న, ట్యాంకుల పడ్డది ఆ ప్రమాణంల ఉన్నదా అని.

రీకాల్ వచ్చినా అంత సుఖం లేదనుకోర్రి. 2025 జులైల ఫోర్డ్ కంపెనీ ట్యాంకులోపలి పంపు లోపంతో ఎనిమిదిన్నర లక్షల బండ్లకు, అందుల ఎఫ్-150 పికప్‌లు కూడ, రీకాల్ ప్రకటించింది. ఓనర్లకు ముందు ఉత్తరం, బాగు చేసే పద్ధతి మాత్రం అప్పటికి ఇంకా తయారైతున్నదని. లోపం ఉన్నదని తెలుసు, బండి నడపాల్నా వద్దా తెల్వది.

మన దిక్కు కష్టం ఇంకో రకం. మహీంద్రానే 2021ల 2020 జనవరి నుంచి 2021 ఫిబ్రవరి మధ్య తయారైన 29,878 పికప్‌లను ఒక ఫ్లూయిడ్ పైపు బిగింపు చూసెతందుకు పిలిచింది. అవి ఇప్పుడు ఎన్ని చేతులు మారి ఉంటయి? కబురు మొదటి ఓనర్ నంబర్‌కు పోతది. ఫైనాన్స్ వాళ్ళు గుంజుకొని వేలంల అమ్మిన బండి, ఆర్సీ పేరు మార్చకుండ నడుపుతున్న బండి అయితే మీకు కబురే రాదు. సెకండ్ హ్యాండ్‌ల కొన్నోళ్ళు కంపెనీ వెబ్‌సైట్ల ఛాసిస్ నంబర్ కొట్టి చూసుకోర్రి, సర్వీస్ సెంటర్ల మీ ఫోన్ నంబర్ ఎక్కించుకోర్రి. కొన్ని లోపాలను రీకాల్ అనకుండ "క్యాంపెయిన్" అని సర్వీసుకు వచ్చిన బండికి మాత్రమే చేసి పంపిస్తరు. నా బండికి ఏ క్యాంపెయిన్ అన్న పెండింగ్ ఉన్నదా అని ప్రతిసారి అడగాలె.

(తెర మీద: 1915 నంబరు.)

ఎక్కడా మాట నడవకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. దాంతో కాకుంటే జిల్లా వినియోగదారుల కమిషన్, కారణం జరిగిన రోజు నుంచి రెండేండ్ల లోపు. బండి ధర 5 లక్షల లోపు అయితే ఫీజు లేదు, 5 నుంచి 10 లక్షలకు 200, 10 నుంచి 20 లక్షలకు 400. అక్కడ కంపెనీ వకీలు మొదటి మాట, "ఇది వ్యాపారానికి కొన్న బండి, వీడు వినియోగదారుడే కాదు" అంటడు. భయపడకుర్రి. సొంతంగ పనిచేసుకొని బతుకుదెరువు కోసం కొన్నది వ్యాపార అవసరం కిందికి రాదని చట్టంల వివరణ ఉన్నది. మీరే నడుపుతరని మొదటి పేరాలనే రాయించుర్రి, మీ లైసెన్సు, మీ పేరు మీది లోను కాగితం జతచేయుర్రి. నాలుగైదు బండ్లకు డ్రైవర్లను పెట్టి నడిపేటోళ్ళకు ఈ దారి కష్టం. సామానుల లోపం ల్యాబ్‌ల తప్ప తేలదంటే, కమిషనే శాంపిల్‌ను ల్యాబ్‌కు పంపొచ్చు. మీరు సంతకం పెట్టి దాచిన రెండో సీసా అప్పుడు పనికొస్తది. సీసా గాజుదే కావాలె, ప్లాస్టిక్ నీళ్ళ బాటిల్ల పోసి నెలలు పెట్టకుర్రి. ఎండ తగలని చోట, పొయ్యికి దూరం, పిల్లలకు అందని ఎత్తుల పెట్టుర్రి.