గీత, పడవ, రన్‌వే: దక్షిణ చైనా సముద్రంలో చైనా వ్యూహం

శ్రోతలకు నమస్కారం.

2011 జులై 22న, విశాఖపట్నం కేంద్రంగా పనిచేసే తూర్పు నౌకాదళానికి చెందిన ఐఎన్ఎస్ ఐరావత్, వియత్నాంలోని న్యా చాంగ్ రేవు నుంచి హైఫాంగ్ వైపు బయలుదేరింది. అది స్నేహపూర్వక పర్యటన. ఓడ వియత్నాం తీరానికి 45 నాటికల్ మైళ్ల దూరంలో ఉండగా రేడియోలో ఒక గొంతు వినిపించింది. తాము చైనా నౌకాదళమని చెప్పుకున్న ఆ గొంతు, మీరు చైనా జలాల్లోకి వస్తున్నారని హెచ్చరించింది. కనుచూపు మేరలో ఏ ఓడా, ఏ విమానమూ లేదు. ఐరావత్ తన దారిన తాను సాగిపోయింది. ఘర్షణ ఏదీ జరగలేదని మన విదేశాంగ శాఖ ప్రకటించింది.

వియత్నాంకు అంత చేరువలో ఉన్న నీళ్లు చైనావి ఎలా అయ్యాయన్న ప్రశ్నకు జవాబు ఒక పటంలో ఉంది. 1947లో, అంటే కమ్యూనిస్టులు అధికారానికి రాకముందే, చాంగ్ కై షేక్ ప్రభుత్వం దక్షిణ చైనా సముద్రం చుట్టూ పదకొండు గీతలు గీసి ఒక పటం వెలువరించింది. 1949లో ఆ ప్రభుత్వాన్ని తైవాన్‌కు తరిమేసిన కమ్యూనిస్టులు దాని పటాన్ని మాత్రం అట్టే పెట్టుకున్నారు. తర్వాత చైనా, వియత్నాంల మధ్యనున్న టోంకిన్ సింధుశాఖ దగ్గరి రెండు గీతలు తొలగించగా తొమ్మిది మిగిలాయి. ఆ గీతల లోపల తమవి దీవులు మాత్రమేనా, నీళ్లూ చేపలూ అడుగున ఉన్న చమురూ కూడానా అన్నది బీజింగ్ ఏనాడూ తేటతెల్లంగా చెప్పలేదు. 2009లో ఐక్యరాజ్యసమితికి రాసిన లేఖకు పటాన్ని జతచేసినప్పుడు కూడా ఆ సందిగ్ధతను అలాగే వదిలేసింది. దాన్ని నేను ఏమరుపాటుగా చూడలేను. స్పష్టంగా చెప్పిన కోరికను ఎదుటివారు కాదనవచ్చు. చెప్పని కోరికను అవకాశాన్ని బట్టి పెంచుకుంటూ పోవచ్చు.

చైనా వ్యూహం అనగానే ప్రాచీన యుద్ధ శాస్త్రాల నుంచి సూక్తులు ఏరి చెప్పడం చాలామంది వ్యాఖ్యాతలకు అలవాటు. ఆ సూక్తులకంటే ఈ సముద్రంలో చైనా అడుగులు వేసిన తేదీలే నాకు ఎక్కువ విషయం చెబుతాయి.

1973లో అమెరికా సైన్యాలు వియత్నాం నుంచి వెళ్లిపోయాయి. 1974 జనవరిలో చైనా దక్షిణ వియత్నాం నౌకలతో పోరాడి పరాసెల్ దీవుల్లో తన చేతిలో లేని భాగాన్ని కూడా వశం చేసుకుంది. పద్నాలుగేళ్ల తర్వాత, సోవియట్ నేత గోర్బచేవ్ బీజింగ్‌తో రాజీకి చూస్తున్న రోజుల్లో, ఏకీకృత వియత్నాంకు సోవియట్ అండ పలచబడింది. 1988 మార్చి 14న స్ప్రాట్లీ దీవుల్లోని జాన్సన్ సౌత్ అనే పగడపు దిబ్బ దగ్గర చైనా జరిపిన దాడిలో 64 మంది వియత్నాం సైనికులు మరణించారు. ఇక ఫిలిప్పీన్స్ సంగతి. 1991లో ఆ దేశ సెనేట్ అమెరికా స్థావరాల ఒప్పందాన్ని తిరస్కరించింది, 1992 చివరికి సూబిక్ రేవు ఖాళీ అయింది. 1995 ఆరంభంలో, ఫిలిప్పీన్స్ తనదని చెప్పుకునే మిస్చీఫ్ దిబ్బ మీద చైనావారు కట్టిన గుంజల కట్టడాలు బయటపడ్డాయి. అడిగితే, జాలరులు తలదాచుకోవడానికి వేసిన పాకలన్నారు.

ఎవరో ఒక పెద్ద శక్తి వెనక్కి తగ్గిన చోటే ప్రతిసారీ చైనా అడుగు ముందుకు పడింది. ప్రతి అడుగూ యుద్ధానికి దిగేంత పెద్దది కాదు, పట్టించుకోకుండా వదిలేసేంత చిన్నదీ కాదు. పక్కవాడు ఊళ్లో లేనప్పుడు ఏటా రెండు పారలు గట్టు చెక్కుకునే రైతు తీరిది.

2012 ఏప్రిల్‌లో స్కార్‌బరో దిబ్బ దగ్గర చైనా జాలరులను ఫిలిప్పీన్స్ యుద్ధనౌక ఒకటి తనిఖీ చేయబోగా, చైనా నిఘా నౌకలు అడ్డు నిలిచాయి. జూన్‌లో ఫిలిప్పీన్స్ ఓడలు వెళ్లిపోయాయి, చైనా ఓడలు ఉండిపోయాయి. అదే ఏడాది కమ్యూనిస్టు పార్టీ మహాసభలో అప్పటి చైనా అధ్యక్షుడు హు జింటావో చైనాను సముద్రశక్తిగా తీర్చిదిద్దాలని ప్రకటించారు. 2013 చివర నుంచి డ్రెడ్జర్లు రంగంలోకి దిగి, స్ప్రాట్లీలోని ఏడు దిబ్బల మీద సముద్రగర్భపు ఇసుకను ఎత్తిపోసి, సుమారు 3,200 ఎకరాల కొత్త నేలను తయారు చేశాయి. ఫైరీ క్రాస్, సూబి, మిస్చీఫ్ దిబ్బల మీద ఇప్పుడు ఒక్కొక్కటి మూడు కిలోమీటర్ల స్థాయి రన్‌వేలు ఉన్నాయి. స్ప్రాట్లీలను సైనికీకరించే ఉద్దేశం లేదని 2015 సెప్టెంబరులో అమెరికా అధ్యక్ష భవనం ఆవరణలో షీ జిన్‌పింగ్ అన్నారు. ఆ తర్వాత అక్కడికి క్షిపణులు చేరాయి.

చట్టం ఏమైందని అడగవచ్చు. ఫిలిప్పీన్స్ 2013లో వేసిన కేసులో 2016 జులై 12న తీర్పు వచ్చింది. గీతల లోపలి వనరులపై చారిత్రక హక్కులకు ఆధారం లేదనీ, స్ప్రాట్లీలలో ఏ ఒక్కటీ 200 మైళ్ల ఆర్థిక మండలం (చేపలూ చమురూ లాంటి వనరులపై హక్కుండే సముద్ర భాగం) ఇవ్వదగిన దీవి కాదనీ అంతర్జాతీయ ట్రైబ్యునల్ తేల్చింది. చైనా విచారణలోనే పాల్గొనలేదు, తీర్పు చెల్లదు పొమ్మంది. అమలు చేయించే బంట్రోతు అంతర్జాతీయ చట్టానికి లేడు.

ఇంత పట్టుదల ఎందుకంటే, చైనాకు రావలసిన చమురులో అత్యధిక భాగం మలక్కా జలసంధి దాటి ఈ నీళ్ల మీదుగానే వస్తుంది, దాని అణు జలాంతర్గాములు హైనాన్ దీవి నుంచి ఈ లోతుల్లోకే దిగుతాయి. భయమూ ఆశా రెండూ కలిసిన చోటు ఇది.

అయితే ఈ వ్యూహం ఖాళీలను కనిపెట్టినంత బాగా పొరుగువారి మనసును కనిపెట్టలేదని నా అభిప్రాయం. ఒకనాడు అమెరికాను సాగనంపిన ఫిలిప్పీన్స్, 2023లో మరో నాలుగు స్థావరాల్లో దానికి చోటిచ్చింది. 2022 జనవరిలో భారత్‌తో ఒప్పందం కుదుర్చుకుని బ్రహ్మోస్ క్షిపణులు కొన్నది, 2024 ఏప్రిల్‌లో మొదటి విడత అందుకుంది. ఆ క్షిపణుల కూర్పు కేంద్రం ఒకటి హైదరాబాద్‌లోనే ఉందన్నది మనలో చాలామందికి తెలియని సంగతి.

స్కార్‌బరో మీద మాత్రం చైనా ఇంకా ఇసుక పోయలేదు. అక్కడ కాగితాల పని నడుస్తోంది. 2024 నవంబరులో దాని చుట్టూ ఆధార రేఖలు, అంటే ప్రాదేశిక జలాలను కొలవడానికి మొదలుగా తీసుకునే గీతలు, ప్రకటించింది, 2025 సెప్టెంబరులో దాన్ని జాతీయ ప్రకృతి సంరక్షణ కేంద్రంగా ఆమోదించింది. సంరక్షణ కేంద్రమన్నాక కాపలాదారులు కావాలి, కాపలాదారులకు ఉండటానికి చోటు కావాలి. మిస్చీఫ్ దిబ్బ మీద జాలరుల పాకలకూ విమానాల రన్‌వేకూ మధ్య గడిచింది ఇరవై ఏళ్లే.