తద్దినం ఏ తిథికి?

అందరికీ నమస్కారం. మన ఊళ్లలో ఎవరైనా పోతే, పిల్లలు అమెరికా నుంచి వచ్చేదాకా ఫ్రీజర్ బాక్స్‌లో ఉంచుతాం. రామాయణంలో దశరథుణ్ణి కూడా భరతుడు వచ్చేవరకు తైలద్రోణిలో, అంటే నూనె తొట్టెలో, ఉంచారు. అక్కడా ఇక్కడా ఎదురుచూసేది కర్మ చేయాల్సిన కొడుకు కోసం. క్రయానిక్స్‌లో, అంటే చనిపోయినవాళ్లను ఎప్పటికైనా లేపొచ్చనే ఆశతో గడ్డకట్టించి దాచే పద్ధతిలో మాత్రం, పోయినవాడి కోసమే ఎదురుచూస్తారు.

1967 జనవరి 12న కాలిఫోర్నియాలో జేమ్స్ బెడ్‌ఫర్డ్ అనే రిటైర్డ్ ప్రొఫెసర్ చనిపోతే, ఆయన శరీరాన్ని గడ్డకట్టించారు. ఇప్పుడది అరిజోనాలోని స్కాట్స్‌డేల్‌లో, ఆల్కార్ సంస్థ దగ్గర, మైనస్ 196 డిగ్రీల ద్రవ నత్రజనిలో ఉంది. ఏనాటికో వైద్యం పెరిగి లేపుతుందని ఆశ. ఇంతవరకు ఎవరూ లేవలేదు. ఇన్నేళ్లయినా ప్రపంచం మొత్తం మీద చేరినవాళ్లు కొన్ని వేలమందే.

మతమే జనాన్ని ఆపుతోందని క్రయానిక్స్ వాళ్లలో చాలామంది అనుమానం. అందుకే క్రైస్తవుల కోసం జవాబులు సిద్ధంగా పెట్టుకున్నారు. ఇది పునరుత్థానం కాదు, వైద్యమే అంటారు. ఆగిన గుండెను డాక్టరు మళ్లీ కొట్టిస్తే దేవుడి పనిలో వేలు పెట్టినట్టా? ఫ్రీజర్‌లో దాచిన పిండం నుంచి పుట్టిన బిడ్డకు ఆత్మ ఉండదా? ఈ రెండో ప్రశ్నకు నా దగ్గరైతే జవాబు లేదు. కానీ వాదనలో ఓడిపోయి మతం మార్చుకున్నవాణ్ణి నేనింతవరకు చూడలేదు.

ఇందులో ఒక తమాషా ఉంది. పోస్టుమార్టం చేస్తే మెదడు పాడవుతుంది, అది వాళ్లకు పెద్ద టెన్షన్. న్యూయార్క్, కాలిఫోర్నియా లాంటి కొన్ని రాష్ట్రాల్లో మత విశ్వాసం పేరుతో పోస్టుమార్టం వద్దని ముందే రాసిపెట్టుకోవచ్చు. ఆ కాగితం మీద సంతకం పెట్టమని ఆల్కార్ తన సభ్యులకు చెబుతుంది. దేవుణ్ణి నమ్మనివాళ్లే ఎక్కువగా కనిపించే గుంపు ఇది! మతం అడ్డమని గోలపెట్టినవాళ్లకు చివరికి మతమే అడ్డుపడి కాపాడాలి.

డబ్బు సంగతి కూడా ఇలాగే ఉంటుంది. మిషిగన్‌లోని క్రయానిక్స్ ఇన్‌స్టిట్యూట్ 28,000 డాలర్ల నుంచి తీసుకుంటుంది. ఆల్కార్‌లో ఒళ్లంతా ఉంచాలంటే రెండు లక్షలు దాటుతుంది. ఎక్కువమంది జీవిత బీమా ద్వారా కడతారు. మనిషి చనిపోయాడు కాబట్టి బీమా సొమ్ము వస్తుంది. ఆ సొమ్ము తీసుకున్న సంస్థ మాత్రం ఆయన్ని పేషెంట్ అంటుంది.

నా ఉద్దేశంలో వీళ్లు పొరబడేది ఇక్కడే. చేరేవాడి నమ్మకాన్ని సర్దుతున్నారు గానీ, ఇంట్లో మిగిలేవాళ్ల సంగతి చూడటం లేదు. మతం పోయినవాడికి ఏమిస్తుందో నాకు తెలియదు. ఉన్నవాళ్లకు మాత్రం చేతినిండా పని ఇస్తుంది. చితి, అస్థికలు, పదకొండో రోజు, పన్నెండో రోజు, వచ్చినవాళ్లకు భోజనాలు. ఆ పనుల్లో పడి మనిషి ఏడుపు నుంచి కాస్త తేరుకుంటాడు. నత్రజని తొట్టె ముందు భార్య ఏం చేయాలి? బొట్టు ఉంచుకోవాలా, తీసేయాలా?

ఇదంతా మా పిన్నికి చెప్పాను. ఆత్మ గురించి గానీ, దేవుడి గురించి గానీ ఆవిడ ఒక్క మాట అడగలేదు. బియ్యంలో రాళ్లు ఏరుతూ, "మరి తద్దినం ఏ తిథికి పెడతార్రా?" అంది.