కాలికో ఘోస్ట్ టౌన్ రివ్యూ: వేగాస్ దారిలో ఆగాలా, వద్దా?

నమస్తే అండీ. లాస్ ఏంజిలిస్ నుంచి వేగాస్‌కి కారులో వెళ్లినవాళ్లు చాలామంది చూసే ఉంటారు. బార్‌స్టో దాటాక ఎడమవైపు కొండ మీద పెద్ద పెద్ద తెల్లటి అక్షరాల్లో కాలికో అని రాసి ఉంటుంది. "అదేంటి?" అని వెనక సీట్లోంచి ఎవరో ఒకరు అడుగుతారు. "వచ్చేటప్పుడు చూద్దాంలే" అంటాడు కారు నడిపేవాడు. వచ్చేటప్పుడు వెనక సీటు మొత్తం నిద్రలో ఉంటుంది. అందుకే ఈ రివ్యూ.

ఘోస్ట్ టౌన్ అంటే జనం వదిలేసి వెళ్లిపోయిన పాత ఊరు. ముందు కథ కొంచెం చెప్పాలి, అది తెలియకుండా వెళ్తే ఎండలో నాలుగు చెక్క కొట్లు చూసి వచ్చినట్టే ఉంటుంది. 1881లో ఈ కొండల్లో వెండి దొరికింది. చూస్తుండగానే ఊరు లేచింది. చుట్టుపక్కల 500కి పైగా గనులు. సెలూన్లు (అంటే మందు బార్లు), కొట్లు, బడి, పోస్టాఫీసు, అన్నీ వచ్చేశాయి. పన్నెండేళ్లలో తీసిన వెండి అప్పటి డబ్బుల్లోనే 2 కోట్ల డాలర్లని చెప్తారు.

మరి ఎందుకు ఖాళీ అయింది? వెండి అయిపోయి కాదండీ. రేటు పడిపోయి. మొదట్లో ఔన్సు డాలరు పైన పలికిన వెండి 1890ల మధ్యకి వచ్చేసరికి 70 సెంట్ల లోపుకి దిగిపోయింది. మన దగ్గర టమాటా రేటు పడిపోతే కోత కూలి కూడా రాదని పంటని చేలోనే వదిలేస్తారు చూడండి, అచ్చం అదే. తవ్వితే నష్టం. ఇంక ఎవరుంటారు? సామాన్లు సర్దుకుని ఒక్కొక్కళ్లూ వెళ్లిపోయారు. పక్క కొండల్లో బోరాక్స్ (వెలిగారం) గనులు ఇంకొన్నాళ్లు నడిచాయి గానీ, 1907 వచ్చేసరికి ఆ సందడీ తగ్గిపోయింది.

ఇప్పుడు మనం చూసే కాలికో మాత్రం చాలావరకు వాల్టర్ నాట్ కట్టించింది. పేరు విన్నట్టుందా? అనాహైమ్ పక్కన బ్యూనా పార్క్‌లో నాట్స్ బెర్రీ ఫామ్ అనే థీమ్ పార్కు ఉంది కదా, అది పెట్టినాయనే. వాళ్ల రెస్టారెంట్‌లో చికెన్ డిన్నర్ కోసం జనం గంటలు గంటలు లైన్లో నిలబడేవారట. వాళ్లకి కాలక్షేపం ఉండాలని 1940లో ఫామ్‌లోనే ఒక ఘోస్ట్ టౌన్ మొదలుపెట్టాడు. అంటే ముందు ఉత్తుత్తి ఊరు కట్టి, తర్వాత 1951లో నిజం ఊరు కొన్నాడన్నమాట. ఆయనకి ఈ చోటుతో చుట్టరికం కూడా ఉంది. మొదట్లో వెండి వెతకడానికి వెళ్లినవాళ్లకి ఖర్చులకి డబ్బిచ్చిన షెరిఫ్ జాన్ కింగ్ ఈయనకి దగ్గర బంధువు. ఇక్కడి సిల్వర్ కింగ్ అనే వెండి గనికి ఆ పేరు ఈ జాన్ కింగ్ వల్లే వచ్చింది. నాట్ ఊరిని మళ్లీ 1880ల్లో ఉన్నట్టు కట్టించి, 1966లో శాన్ బెర్నార్డినో కౌంటీకి ఇచ్చేశాడు. ఇప్పుడది కౌంటీ పార్కు.

నా గొడవంతా ఇక్కడే. పాతవి ఐదు బిల్డింగులే మిగిలాయి. మిగతావన్నీ నాట్ కట్టించినవి. అబద్ధం అనను, పాత ఫోటోలు చూసి శ్రద్ధగానే కట్టారు. కానీ వీధిలో నడుస్తుంటే ఏది అసలు, ఏది కొత్తది అని ఒక చూపులో తెలీదు. చాలామంది నకిలీ బడి ముందు సెల్ఫీలు దిగి, అసలు పాత బిల్డింగుల్ని దాటి వెళ్లిపోతారు. గేటు దగ్గర ఇచ్చే మ్యాప్ జేబులో పెట్టేయకండి. లిల్స్ సెలూన్, జనరల్ స్టోర్, లూసీ లేన్ ఇల్లు... ముందు ఇవి వెతుక్కోండి.

నన్ను అడిగితే ఆ లూసీ లేన్ ఇల్లు ఒక్కదానికైనా ఆగొచ్చు. బయట నుంచి చూస్తే మట్టిగోడల చిన్న ఇల్లు, అంతే. లోపల పాత ఫోటోలు, బట్టలు, ఇంట్లో వాడిన సామాన్లు పెట్టారు. ఆవిడ 1880ల్లో చిన్న పిల్లగా అమ్మానాన్నలతో ఈ ఊరొచ్చింది. ఇక్కడే పెరిగింది, జాన్ లేన్‌ని పెళ్లి చేసుకుంది, ఇద్దరూ కలిసి కొట్టు నడిపారు. ఊరు పడిపోయాక అందరిలాగే వెళ్లారు గానీ, కొన్నేళ్లకి మళ్లీ ఈ ఖాళీ ఊరికే తిరిగొచ్చారు. 1967లో పోయే నాటికి ఆవిడకి తొంభై దాటాయి. ఊరు కళకళలాడటం, పాడుబడటం, మళ్లీ టూరిస్టులతో నిండటం, మూడూ చూసిన మనిషి. ఇల్లు చిన్నదని బయట నుంచే తొంగి చూసి కదిలిపోకండి.

రెండోది మ్యాగీ మైన్. వెండి తీసిన అసలు గని, లోపల నడవొచ్చు. బయట ఒళ్లు కాలిపోతున్నా లోపలికి నాలుగడుగులు వేయగానే చల్లగా తగులుతుంది. కొన్నిచోట్ల పొడుగువాళ్లు తల వంచాల్సిందే. పనివాళ్లు ఎలా బతికారో చూపించడానికి బొమ్మలు పెట్టారు, వాటిని మాత్రం కాస్త మార్చొచ్చు బాబూ. గనికి, రైలుకి, మిస్టరీ షాక్‌కి (కళ్లని మోసం చేసే వంకర గుడిసె) వేరే టికెట్లు ఉంటాయి. గని తీసుకోండి, పిల్లలుంటే రైలు కూడా. మిస్టరీ షాక్ వదిలేసినా పోయేదేం లేదు.

ఆ పక్కనే యెర్మోలో పెగ్గీ స్యూస్ అని 1954 నాటి డైనర్ ఉంది. మొదట్లో తొమ్మిది స్టూళ్లు, మూడు బూత్‌లే. వెనక పెరట్లో ఇనుప డైనోసార్లు! పిల్లల్ని కారెక్కించడం కష్టం, చెప్తున్నా.

ఇంకా ముందుకెళ్తే జెడ్ జెడ్ వై జెడ్ ఎక్స్ అని ఒక రోడ్డు బోర్డు. 1944లో కర్టిస్ స్ప్రింగర్ అనే ఆయన అక్షరాల వరసలో ఆఖరున ఉండాలని పెట్టిన పేరది. ఎడారిలో ఊట నీళ్ల రిసార్టు పెట్టి, అన్ని రోగాలకీ మందులమ్మాడు. ప్రభుత్వ స్థలమని 1974లో ఖాళీ చేయించారు.

తర్వాత బేకర్ అనే ఊళ్లో పెద్ద థర్మామీటర్ ఎలాగూ కనిపిస్తుంది. 134 అడుగుల ఎత్తు. 1913 జూలై 10న డెత్ వ్యాలీలో నమోదైన 134 డిగ్రీల ఫారన్‌హీట్‌కి, అంటే దాదాపు 57 సెల్సియస్‌కి, గుర్తుగా 1991లో కట్టారు. ఫోటోకి రెండు నిమిషాలు చాలు.

ఇక చాలామంది అడిగే ప్రశ్న: కాలికోనా, కాలిఫోర్నియాలోనే ఉన్న ఇంకో ఘోస్ట్ టౌన్ బోడీనా? పోలికే లేదండీ, బోడీయే. అక్కడ కొత్తగా కట్టడం ఉండదు, కూలిపోకుండా చూసుకుంటారంతే. కిటికీలోంచి చూస్తే అల్మరాల్లో సామాన్లు దుమ్ము పట్టి అలాగే ఉంటాయి. కానీ అది యోసెమిటీ అవతల 8,000 అడుగుల పైన ఉంది, ఆఖరి మూడు మైళ్లు మట్టిరోడ్డు, చలికాలంలో మంచు. వేగాస్ దారిలో అయ్యే పని కాదు.

కాబట్టి కాలికోకి నా మార్కు ఐదుకి మూడు. లేన్ ఇల్లు, గని లేకపోతే రెండే ఇచ్చేవాణ్ని. అమ్మానాన్నలు ఇండియా నుంచి వచ్చి ఉంటే నవంబరు నుంచి మార్చి లోపు తీసుకెళ్లండి. వీధి మొత్తం ఎత్తు మీదకే ఉంటుంది, మోకాళ్ల నొప్పులున్నవాళ్లని మెల్లగా నడిపించండి. జూలై, ఆగస్టులో అయితే పొద్దున తెరవగానే వెళ్లి పదకొండుకల్లా ఏసీ కారులో ఉండాలి. టైమింగ్స్, టికెట్ రేట్లు మారుతుంటాయి, కౌంటీ పార్కుల సైట్లో చూసుకుని బయల్దేరండి. బార్‌స్టోలోనే గ్యాస్ కొట్టించేయండి, ఎడారిలోకి వెళ్లేకొద్దీ రేటు పెరుగుతుంది.