బాక్సుకు హార్డ్ డిస్క్ తగిలించే ముందు

శ్రోతలందరికీ నమస్కారం. మా అమ్మ ఒకసారి టీవీలో కనిపించింది. మూడే మూడు సెకన్లు. కరోనాకు ముందు ఒక శ్రీరామనవమికి మా పిన్నివాళ్లతో కలిసి భద్రాచలం వెళ్లింది. మిథిలా స్టేడియంలో కల్యాణం జరుగుతుంటే కెమెరా ఒకసారి జనం మీదుగా తిరిగింది, అందులో ఆకుపచ్చ చీర కట్టుకుని, రెండు చేతులూ జోడించి మా అమ్మ. ఇంట్లో నేను ఆ కార్యక్రమం రికార్డింగ్ పెట్టి ఉంచాను, సెట్-టాప్ బాక్సుకు వెనకాల ఒక హార్డ్ డిస్క్ తగిలించి. అమ్మ తిరిగొచ్చాక ఆ ముక్క ఎన్నిసార్లు చూసిందో లెక్కలేదు. ఇంటికి ఎవరొచ్చినా కాఫీ కంటే ముందు అదే.

రెండేళ్లు తిరక్కుండానే ఒక పిడుగుల వానకి మా బాక్స్ కాలిపోయింది. కంపెనీవాళ్లు కొత్త బాక్స్ పెట్టి వెళ్లారు. డిస్క్ బాగానే ఉంది కదా అన్న ధీమాతో తెచ్చి దానికి తగిలిస్తే, ఒక్క రికార్డింగ్ కూడా కనిపించలేదు. డిస్క్ ఫార్మాట్ చేయమంటారా, అంటే అందులో ఉన్నదంతా చెరిపేసి కొత్తగా సిద్ధం చేయమంటారా అని మాత్రం తెర మీద అడిగింది.

ఎందుకిలా అంటే, డీటీహెచ్ బాక్స్ రికార్డు చేసేటప్పుడు బొమ్మని మామూలు వీడియో ఫైలులా దాచదు, తాళం వేసి దాచుతుంది. డబ్బు కట్టి చూసే ఛానళ్లను ఎవరూ కాపీ చేసి పంచకూడదని ఆ ఏర్పాటు. తాళంచెవి డిస్కులో ఉండదు, ఆ బాక్సులోనే ఉంటుంది. అందుకే ఆ డిస్కును కంప్యూటర్‌కి పెడితే ఏదో తెలియని డిస్క్ అంటుంది, అదే కంపెనీ అదే మోడల్ బాక్స్ ఇంకొకటి తెచ్చి పెట్టినా తెరవదు. కొన్ని బాక్సుల్లో నెల రీఛార్జ్ అయిపోతే పాత రికార్డింగులు కూడా ఆడవు. ఎంతైనా రికార్డు చేసుకోవచ్చు అని అమ్మేటప్పుడు ఈ ఒక్క మాట కూడా చెప్పాలి. మాకెవరూ చెప్పలేదు. నాకు ఇప్పటికీ బాధే.

ఆ రోజు నేను 'వద్దు' అని నొక్కాను. ఆ డిస్క్ ఇప్పటికీ బీరువాలో అమ్మ చీరల మధ్య ఉంది.

మీలో చాలామంది ఇంట్లో ఖాళీగా పడున్న హార్డ్ డిస్క్ తెచ్చి బాక్సుకు పెడదామనుకుంటారు, మంచిదే, కానీ ముందు అందులో ఏముందో చూడండి. పెళ్లి ఫొటోలు, పిల్లల బారసాల వీడియోలు ఉన్నాయా? అవన్నీ ఇంకోచోటికి కాపీ చేసుకున్నాకే బాక్స్ దగ్గరికి తీసుకెళ్లండి. చాలా డీటీహెచ్ బాక్సులు డిస్కును తమ పద్ధతిలో ఫార్మాట్ చేసుకోనిదే రికార్డు చేయవు. రిమోట్ మీద ఓకే నొక్కితే అందులో ఉన్నదంతా పోతుంది. సగం బాక్సుకు, సగం ఫొటోలకు అన్న బేరం కుదరదు. ఆ డిస్కును బాక్సుకే ఇచ్చేశామనుకోవాలి.

ఎంత సైజు కొనాలని అడుగుతారు. హెచ్‌డీ ఛానల్ అయితే గంటకు సుమారు రెండు నుంచి నాలుగు జీబీ పడుతుంది. వారానికి ఆరు రోజులు వచ్చే అరగంట సీరియల్ ఏడాదంతా రికార్డు చేసినా 156 గంటలు, అంటే ఒక టీబీ, అదే వెయ్యి జీబీల డిస్కులో పట్టి ఇంకా చోటు మిగులుతుంది. కాబట్టి పెద్ద సైజు కోసం డబ్బు పోయకండి, పైగా మరీ పెద్ద డిస్కులను కొన్ని బాక్సులు అసలు గుర్తించవు. కొనేముందు మీ బాక్స్ ఎంతవరకు తీసుకుంటుందో కస్టమర్ కేర్‌ని అడగండి, రికార్డింగ్ సదుపాయం మీ బాక్సులో ఉందా అని కూడా. వెనకాల యూఎస్‌బీ పోర్టు ఉన్నంత మాత్రాన రికార్డింగ్ ఉన్నట్టు కాదు.

అన్నిటికంటే ఎక్కువమందిని ఏడిపించేది కరెంటు. కరెంటు పోవడం సంగతి తర్వాత చెబుతాను, ముందు పోర్టులో కరెంటు చాలకపోవడం గురించి. పాత రకం యూఎస్‌బీ పోర్టు ఇచ్చేది 500 మిల్లీ ఆంపియర్లు. జేబులో పట్టే చిన్న హార్డ్ డిస్కుకి తిరగడం మొదలుపెట్టే ఆ క్షణంలో అంతకంటే ఎక్కువే కావాలి. చాలకపోతే ఏమవుతుందంటే, డిస్క్ దగ్గర చెవి పెట్టి వినండి, టిక్... టిక్... అని గడియారంలా కొట్టుకుంటుంది, లైటు వెలిగి ఆరిపోతుంది, లేదా అరగంట బాగా నడిచి రికార్డింగ్ మధ్యలో ఆగిపోతుంది. డిస్క్ పాడైందని షాపుకు పరిగెత్తక్కర్లేదు. సొంత అడాప్టర్ ఉన్న యూఎస్‌బీ హబ్, అంటే ఒక పోర్టును నాలుగైదు పోర్టులుగా చేసే చిన్న పెట్టె, ఒకటి మధ్యలో పెట్టండి, లేదంటే విడిగా అడాప్టర్‌తో వచ్చే, బల్ల మీద పెట్టుకునే పెద్ద ఆకారం డిస్క్ తీసుకోండి. పెన్ డ్రైవ్‌ను కొన్ని బాక్సులు తీసుకుంటాయి గానీ, గంటల తరబడి రాస్తుంటే వేడెక్కిపోతుంది, నాకు దాని మీద నమ్మకం లేదు.

ఇక ఇన్వర్టర్ ఉన్నవాళ్లు బాక్సు, డిస్క్ రెండింటి ప్లగ్గులూ ఇన్వర్టర్ లైన్‌లో పెట్టుకోండి. టీవీ ఆ లైన్‌లో లేకపోయినా పర్లేదు, టీవీ ఆపేసి ఉన్నా రికార్డింగ్ నడుస్తుంది. మన ఇళ్లలో రాత్రి పడుకునే ముందు గోడ స్విచ్ కట్టేసే అలవాటు ఉంది చూశారా, అదే అసలు శత్రువు. తెల్లవారుజామున సుప్రభాతం రికార్డింగ్ పెట్టి స్విచ్ కట్టేస్తే బాక్సు ఏం చేస్తుంది పాపం? రిమోట్‌తో స్టాండ్‌బైలో పెట్టి వదిలేయండి. ఉరుములు వచ్చేలా ఉంటే మాత్రం రికార్డింగ్ పోయినా సరే అవి మొదలవకముందే ప్లగ్గులు పీకేయండి, డిష్ నుంచి వచ్చే కేబుల్‌తో సహా. డిస్కును బాక్స్ నెత్తిన పెట్టకండి, ఆ రేకు ఎంత వేడిగా ఉంటుందో ఒకసారి చెయ్యి పెట్టి చూడండి.

పోగొట్టుకోకూడని కార్యక్రమం దూరదర్శన్‌లో వస్తుంటే ఇంకో దారి ఉంది. డీడీ ఫ్రీ డిష్‌లో యాదగిరి, సప్తగిరి రెండూ వస్తాయి, నెలనెలా కట్టేదేమీ లేదు. ఆ ఛానళ్లకు తాళం ఉండదు గనక, రికార్డింగ్ ఉన్న మామూలు ఫ్రీ బాక్సులు చాలావరకు కంప్యూటర్‌లో ఆడే ఫైలుగానే దాస్తాయి. నేను ఇప్పుడు రెండో డిష్ పెట్టించి అలాగే చేస్తున్నాను. ఒక్క జాగ్రత్త, డిస్క్ ఫ్యాట్ 32 అనే పాత ఫార్మాట్ పద్ధతిలో ఉంటే నాలుగు జీబీ దాటిన ఫైలు పట్టదు, మూడు గంటల కల్యాణం ముక్కలవ్వచ్చు లేదా మధ్యలో ఆగిపోవచ్చు. ఎన్‌టీఎఫ్ఎస్ అనే ఇంకో పద్ధతికి ఆ ఇబ్బంది లేదు, మీ బాక్స్ దాన్ని తీసుకుంటే అదే పెట్టుకోండి.

ముహూర్తం రోజు పొద్దున టెన్షన్ పడకుండా ముందు రోజు సాయంత్రమే ఏదో ఒకటి పది నిమిషాలు రికార్డు పెట్టి, ఆపి, వెనక్కి ఆడించి, బొమ్మా మాటా రెండూ వస్తున్నాయో లేదో చూసుకోండి. అయ్యాక ఆ ఫైలును రెండు చోట్ల దాచండి. నేను ఒకటి ల్యాప్‌టాప్‌లో పెట్టి, ఇంకోటి పెన్ డ్రైవ్‌లో వేసి ఖమ్మంలో మా పిన్నికి పంపిస్తున్నాను.

ఉంటానండీ, నమస్కారం.