పేరు పెట్టి పిలిచే గొంతు

శ్రోతలకు నమస్కారం. పెద్దలకు మాత్రమే ఉద్దేశించిన చిత్రాలను, వీడియోలను నెలచందా కట్టినవారికి చూపించి సంపాదించే వృత్తి కొన్ని దేశాలలో బాగా వేళ్లూనుకుంది. మన దేశంలో అటువంటి దృశ్యాలను ప్రచురించడం సమాచార సాంకేతిక చట్టం 67ఎ సెక్షన్ కింద నేరం. ఆ చర్చ జోలికి నేను పోవడం లేదు. డబ్బు కట్టే అభిమానితో ఆ వృత్తిలో ఉన్నవారు అనుబంధాన్ని ఎలా నడుపుతారన్నదే నా విషయం.

ఇందుకు పాత ఆనవాలు రేడియోలోనే దొరుకుతుంది. మైకు ముందు కూర్చునే మనిషిని కనుక, ఆ కథ చెప్పడం నాకు కాస్త ఇష్టం. 1947లో అమెరికాలోని డేటన్ నగరంలో జీన్ కింగ్ అనే యువతి ‘లోన్సమ్ గాల్’, అంటే ఒంటరి పిల్ల, అన్న పేరుతో రాత్రివేళ మాట్లాడటం మొదలుపెట్టింది. పాటల నడుమ, వింటున్న ఒక్క మగవాడితోనే మాట్లాడుతున్నట్టు, అలసిపోయావా అని లాలనగా పలకరించేది. కార్యక్రమం ఇతర నగరాలకు పాకినప్పుడు, ఏ ఊరికి ఆ ఊరి సంగతులు సేకరించి, వేరువేరుగా రికార్డు చేసేది. మన హైదరాబాద్‌కు చేసి ఉంటే, ట్యాంక్‌బండ్ మీద చల్లగాలికి కాసేపు కూర్చుని వచ్చావా అని అడిగేదేమో! నలుగురిలోకి రావలసి వస్తే మాత్రం ముఖానికి ముసుగు వేసుకునేది. 1956లో హార్టన్, వోల్ అనే పరిశోధకులు ఒకవైపే నడిచే సాన్నిహిత్యం గురించి రాస్తూ ఈ కార్యక్రమాన్నే ఉదాహరణగా తీసుకున్నారు.

నేను మొదట చెప్పిన నెలచందా వృత్తి నడిచేది 2016లో లండన్‌లో మొదలైన ఓన్లీఫ్యాన్స్ వంటి ఆన్‌లైన్ వేదికలలో; అక్కడ అభిమాని తిరిగి మాట్లాడతాడు. జీన్ కింగ్‌కు ఊరి పేరు తెలిస్తే సరిపోయింది. ఇప్పుడు మనిషి పేరు, అతని పుట్టినరోజు, అతని కుక్కపిల్ల పేరు కూడా గుర్తుండాలి. అందుకే ఒక్కొక్క అభిమాని గురించి నోట్సు రాసిపెట్టుకుంటారు. రాబడిలో వేదిక 20 శాతం తీసుకోగా మిగిలినదానిలో, చాలామందికి చందా కన్నా విడి సందేశాలకు అభిమాని కట్టే డబ్బే ముఖ్యం. సందేశాలు వందలు దాటాక, జీతానికి పెట్టుకున్న చాటర్లు ఆ వృత్తిలోని మహిళ పేరుతో జవాబులు రాస్తారు. కుక్కపిల్ల క్షేమం అడిగింది ఆమేనని అభిమాని మురిసిపోతాడు.

జీన్ కింగ్ ముసుగు నాకు అభ్యంతరంగా తోచదు, ఆ గొంతు ఆమెదే కనుక. గొంతే అద్దెకు తెచ్చినదైనప్పుడు మాత్రం నాకు మనసొప్పదు. జవాబు రాసేది ఎవరో, ఏ గంటల్లో రాస్తారో ప్రొఫైల్‌లో ఒక్క వాక్యం, అభిమాని డబ్బు కట్టే బటన్‌కు పైనే, కనబడేటట్టు ఉండాలని నేను కోరుతాను.