ఫోన్-ఇన్: డీఎన్ఏ సరే, పెళ్లి ఫొటో ఉందా?

యాంకర్: హలో, చెప్పండి. టీవీ సౌండ్ తగ్గించండమ్మా, మీ గొంతు రెండుసార్లు వినిపిస్తోంది.

కాలర్: తగ్గించిన మేడం. కృష్ణానగర్ నుంచి మాట్లాడుతున్న. పేరు చెప్పకున్నా నడుస్తదా?

యాంకర్: నడుస్తుంది. లాయర్ గారు లైన్లోనే ఉన్నారు, అడగండి.

కాలర్: మా చెల్లె ముచ్చట మేడం. సీరియళ్లల్ల చేసేటాయన, చెప్తే మీరు గుర్తుపడ్తరు, వద్దులెండి. ఆయనకు ముందే భార్య, ఇద్దరు పిల్లలు. మా చెల్లెను గుళ్లె చేస్కున్నడు. పాపకు నాలుగేండ్లు. మొన్న గుండెపోటుతోని పోయిండు. దినాలకు పోతే గేటు కాడనే ఆపిన్రు. ఎవరి పిల్లనో తెచ్చి మా మీద రుద్దుతున్నరు అన్నరు. పాప చేతుల చామంతి పూలు పట్కొని అట్లనే నిలబడ్డది. పాపకు ఆయన ఆస్తిల వాటా వస్తదా మేడం?

లాయర్: అయ్యో... సరే అమ్మా. గుళ్లో పెళ్లి అన్నారు కదా, ఫొటోలున్నాయా?

కాలర్: ఫొటోలెందుకు మేడం, డీఎన్ఏ ఉంది గద! ఆయన రేజరు, దువ్వెన కవర్ల పెట్టి దాచినం.

లాయర్: దాచిపెట్టండి, పారేయకండి. కానీ అది ఆయన దువ్వెనే అని కోర్టులో చెప్పేదెవరు? మీ చెల్లెలే కదా. అవతలి లాయరు మొదటి ప్రశ్నకే పట్టుకుంటాడు. ఆయనకెప్పుడైనా బయాప్సీ, అంటే పరీక్షకని ఒంట్లోంచి చిన్న ముక్క, తీశారా? తీసుంటే ఆ ముక్కను మైనంలో పెట్టి నంబరు వేసి ల్యాబులో ఉంచుతారు, అది వేరే లెక్క. లేకపోతే ఆయన తల్లి రక్తంతో పోల్చి చూడొచ్చు. కోర్టు ఆర్డరు లేకుండా ఆ ఇంటి గడప తొక్కి రక్తం ఇవ్వమని మాత్రం అడగకండి.

కాలర్: బర్త్ సర్టిఫికెట్ల ఆయన పేరే ఉంది మేడం.

లాయర్: ఉంటే మంచిదే, కానీ దానితోనే పని అయిపోదు. అమెరికన్ నటి అన్నా నికోల్ స్మిత్ సంగతి చూడండి. 2006 సెప్టెంబరులో బహామాస్‌లో పాప పుట్టింది, కాగితంలో తండ్రిగా ఆమె లాయరు పేరుంది. 2007 ఫిబ్రవరిలో ఆమె పోయింది. ఏప్రిల్లో డీఎన్ఏ చూస్తే తండ్రి లారీ బర్క్‌హెడ్ అని తేలింది.

యాంకర్: ఆ పాపకి వందల కోట్లు వస్తాయని అప్పట్లో అన్నారు కదండీ?

లాయర్: అన్నారు. ఆమె ముసలి భర్త ఆస్తి మీద వేసిన కేసు, ఆమె పోయాక 2011లో అమెరికా సుప్రీంకోర్టులో వీగిపోయింది. డబ్బు రాలేదు. సరే, మన సంగతికి వద్దాం. అమ్మా, రక్తం కలిస్తే తండ్రెవరో తేలుతుంది, అంతే. వాటా రావాలంటే పెళ్లి జరిగినట్టు చూపించాలి. మొదటి భార్య ఉండగా చేసుకున్న పెళ్లి చెల్లదు. అయినా హిందూ వివాహ చట్టం 16వ సెక్షన్ ప్రకారం ఆ పెళ్లిలో పుట్టిన బిడ్డ సక్రమ సంతానమే. 2023 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు ఇంకో మాట కూడా చెప్పింది, ఉమ్మడి ఆస్తిలో తండ్రికి వచ్చే వాటాలోనూ ఆ బిడ్డకి భాగముంటుందని. అసలు పెళ్లే లేదని తేలిందనుకోండి, డీఎన్ఏ కలిసినా తండ్రి ఆస్తి రాదు. ఫొటో అడిగింది అందుకే.

కాలర్: మా చెల్లెకో మేడం?

లాయర్: భార్యగా ఏమీ రాదమ్మా.

కాలర్: ...

లాయర్: లైన్లో ఉన్నారా? ఆయన తల్లి ఉన్నారా?

కాలర్: ఉన్నది. ముసలామె ఒక్కతే పాప దిక్కు చూసింది.

లాయర్: అయితే ఆయన సొంతంగా సంపాదించింది అయిదు సమాన వాటాలవుతుంది. భార్య, ఇద్దరు పిల్లలు, తల్లి, మీ పాప. ఇది వీలునామా లేకపోతేనే. బ్యాంకులో నామినీ ఆ భార్య అయినా డబ్బంతా ఆమెదైపోదు, వారసుల కోసం తీసుకుని పంచాల్సిందే. ఇల్లెక్కడుంది?

కాలర్: మణికొండల.

లాయర్: రంగారెడ్డి జిల్లా కోర్టు పరిధి. పాప పేరు మీద, తల్లి గార్డియన్‌గా పార్టిషన్ సూట్, అంటే ఆస్తి పంచమనే దావా, వేయండి. ఇల్లు అమ్మకుండా ఆపే ఆర్డరు, ఇంజంక్షన్ అంటారు, అందులోనే అడగండి, ఆలస్యం చేయకండి. ఫీజు కట్టలేమంటే 15100కి ఫోన్ చేయండి. ఆడవాళ్లకీ పిల్లలకీ ఉచిత న్యాయ సహాయానికి ఆదాయంతో పని లేదు.

కాలర్: యూట్యూబోళ్లు వచ్చిన్రు మేడం, పాపను పక్కన కూసోబెట్టి మాట్లాడమంటున్నరు.

లాయర్: వద్దు. పాప మొహం చూపించారంటే నేను మీ కేసు తీసుకోను, ముందే చెప్తున్నా. పెళ్లి చేసిన పూజారి ఉన్నాడా?

కాలర్: ఆయన ఊరు మారిండు. కాని మేడం... పుస్తెలు కొన్న బిల్లు ఉన్నది.

లాయర్: ఎవరి పేరు మీద?

కాలర్: ఆయన పేరే. కింద సంతకం కూడ పెట్టిండు.

లాయర్: మిషన్ బిల్లా, చేతిరాతా?

కాలర్: మిషన్‌దే. సగం చెరిగిపోయింది.

లాయర్: ఇప్పుడే ఫొటో తీయండి. సాయంత్రంలోగా జిరాక్స్ తీయించి, అసలుది ఎండ తగలకుండా పెట్టండి. పూజారి కొత్త ఊరు కనుక్కోండి.

యాంకర్: ఉంటానమ్మా. నెక్స్ట్ కాలర్, ఉప్పల్ నుంచి...